పది సెకన్ల యల్లాప్రగడ

ఏటా జనవరి 12 వస్తుంది. పెడన బడుల్లో వివేకానందుడి పటానికి దండ పడుతుంది, యువజన దినోత్సవమంటూ పిల్లల చేత ఊరేగింపు తీయిస్తారు. ఆ వెంటనే సంక్రాంతి కాబట్టి గుడివాడ నుంచి దివిసీమ దాకా కబడ్డీ బరుల్లో సున్నం గీతలు పడుతుంటాయి. అదే జనవరి 12న, 1895లో, భీమవరంలో పుట్టిన మరొకాయనకు మాత్రం దండ వేసేవాళ్లు తక్కువ. పెడనలో రైలెక్కితే గుడివాడ మీదుగా వెళ్లగలిగినంత దగ్గర ఆ ఊరు. కూతకు వెళ్లిన కుర్రాడు గీత దాటగానే ఒక్క ఉదుటున మీదికి దూకుతాడే, ఆ దూకుడుకు కావలసిన సరుకు కండలో ఎక్కడుందో కనిపెట్టిన ఇద్దరిలో ఆయనొకరు. పేరు యల్లాప్రగడ సుబ్బారావు. ఆ కనుగోలుకు 2027తో నూరేళ్లు.

అంతకుముందు మన ఒంటి గురించి మనకేం తెలుసంటే, ఒకప్పుడు బాగానే తెలుసు. శవాన్ని పారే నీళ్లలో నానబెట్టి, వట్టివేళ్ల కుంచెతో నెమ్మదిగా రాస్తూ పొర తర్వాత పొర చూడమన్నాడు సుశ్రుతుడు. కసరత్తు సగం బలం మేరకే చేయాలన్నాడు. నోటితో ఊపిరి తీసుకోవలసి వచ్చిందంటే ఆ సగం అయిపోయినట్టే. మాట్లాడుతూ నడవగలిగితే వేగం సరిపోయిందని ఇవాళ్టి శిక్షకులు చెప్పే లెక్క దీనికి ఎంతో దూరం కాదు. ఆ తర్వాత శతాబ్దాలు చప్పున దొర్లిపోతాయి. ఘంటసాల శిల్పులు నడుము వంపులు చెక్కారు, కండల మీద మోజు పడలేదు. 1611లో ఇంగ్లీషువాళ్లు బందరులో దిగి అద్దకం బట్టలకు లెక్కలు రాశారు గానీ, అచ్చు కొట్టినవాడి భుజం సంగతి ఏ చిట్టాలోనూ లేదు. 1836లో కలకత్తాలో మధుసూదన్ గుప్తా శవం కోశాక మళ్లీ శరీరశాస్త్రానికి కత్తి దొరికింది. ఇటు వీరఘట్టం బిడ్డ కోడి రామమూర్తి గుండెల మీద ఏనుగును నిలబెట్టుకుని, ఊపిరి బిగించి ఇనుప గొలుసులు తెంచి, ఊళ్లన్నిటినీ నోళ్లు వెళ్లబెట్టించాడు. అది ప్రాణాయామ మహిమ అన్నారు. కావచ్చు. లోపల ఏం ఖర్చవుతోందో మాత్రం అప్పటికి ఎవరికీ తెలియదు.

సుబ్బారావు చదువు అంత సజావుగా సాగినది కాదు. పదమూడేళ్లప్పుడు కాశీలో యాత్రికులకు అరటిపళ్లు అమ్మి డబ్బు సంపాదిద్దామని ఇల్లు విడిచి పారిపోతే పట్టుకొచ్చారు. మెట్రిక్యులేషన్ మూడో దండయాత్రకు గాని లొంగలేదు. మద్రాసు వైద్య కళాశాలలో ఉండగా గాంధీ పిలుపు విని ఖద్దరు తొడుక్కుని శస్త్రచికిత్సకు హాజరయ్యాడు. ప్రొఫెసర్ బ్రాడ్‌ఫీల్డ్‌కు ఒళ్లు మండింది. ఫలితంగా ఎం.బి.బి.ఎస్. రావలసిన చేతికి ఎల్.ఎం.ఎస్. అనే చిన్న పట్టా వచ్చింది. అదే కళాశాలలో చదివిన పట్టాభి సీతారామయ్య బందరులో పెట్టిన ప్రాక్టీసును దేశం కోసం తానే వదులుకున్నాడు. సుబ్బారావు విషయంలో దొర ఆ శ్రమ కూడా లేకుండా చేశాడు.

1920ల మొదట్లో సుబ్బారావు బోస్టన్‌లో దిగాడు. పగలు హార్వర్డ్‌లో చదువు, రాత్రి ఆస్పత్రిలో కూలి పని. 1922 నోబెల్ బహుమతి కండరాల శాస్త్రానికే ఇచ్చారు. దాన్ని అందుకున్న హిల్, మేయర్‌హాఫ్‌ల పరిశోధన మీద నమ్మకంతో, కండ ముడుచుకోవడానికి మూలం లాక్టిక్ ఆమ్లమేనని లోకం ఒప్పేసుకుంది. సైరస్ ఫిస్క్ దగ్గర చేరిన సుబ్బారావు అంత పెద్ద ప్రశ్న జోలికి పోలేదు. ఆయన పని భాస్వరం కొలవడం. ద్రావణంలో మాలిబ్డేటు కలిపితే నీలం రంగు తేలుతుంది. నీలం ఎంత చిక్కనైతే ఫాస్ఫేటు అంత ఎక్కువ. 1925లో ఇద్దరూ కలిసి అచ్చువేసిన ఆ కొలత పద్ధతిని ఇప్పటికీ ఫిస్క్–సుబ్బారావు పద్ధతి అనే అంటారు.

తమాషా అంతా ఆ నీలంలోనే ఉంది. రక్తం నుంచి తీసిన నమూనాల్లో రంగు చప్పున తేలేది. పిల్లి కండ నుంచి తీసినదానిలో మాత్రం మొదట పలచగా వచ్చి, అరగంట పాటు మెల్లమెల్లగా ముదురుతూ పోయేది. పెడనలో అద్దకం చూసినవాడు దీనికి బెదరడు: పటిక అచ్చు వేసినప్పుడు గుడ్డ మీద ఏమీ ఉండదు, కాగులో ఉడికితేనే ఎరుపు పైకొస్తుంది. ఇంకొకరైతే మందు పాడైందని సీసా పారబోసి ఉండేవారు. వీళ్లు పారబోయలేదు. కండలో ఫాస్ఫేటును పట్టుకుని ఉన్న ఏదో సున్నితమైన పదార్థం ఆమ్లం తగలగానే కొంచెం కొంచెం విరిగిపోతోందని పసిగట్టారు. విద్యుత్తుతో కండ ముడుచుకునేలా చేస్తే ఆ పదార్థం తగ్గింది, విశ్రాంతినిస్తే మళ్లీ పోగైంది. అదే ఫాస్ఫోక్రియాటిన్. 1927లో ‘సైన్స్’ పత్రికలో ప్రకటించారు. అదే ఏడు లండన్‌లో ఎగిల్టన్ దంపతులు కప్ప కండలో దాన్నే పట్టి వేరే పేరు పెట్టారు. 1929లో కండకు నేరుగా శక్తినిచ్చే ఏటీపీ సంగతీ అంతే, జర్మనీలో లోమన్, బోస్టన్‌లో మళ్లీ ఈ ఇద్దరు. 1930లో లుండ్స్‌గార్డ్ అనే డేనిష్ శాస్త్రవేత్త లాక్టిక్ ఆమ్లం పుట్టకుండా కండకు మందు పెట్టి చూస్తే, కండ మామూలుగానే ముడుచుకుంది. నోబెల్ సిద్ధాంతం అక్కడ కుప్పకూలింది.

ఇదంతా మన బరిలోకి తెచ్చుకుంటే ఇలా ఉంటుంది. కండలో సిద్ధంగా ఉండే ఏటీపీ ఒకటి రెండు సెకన్లకు మించి రాదు. అది తరిగినకొద్దీ ఫాస్ఫోక్రియాటిన్ తన ఫాస్ఫేటు ఇచ్చి నిలబెడుతుంది, సుమారు పది సెకన్ల దాకా. ఆ తర్వాత చక్కెరను విరిచే ఏర్పాటు ముందుకొస్తుంది, ఇంకా సాగితే ఊపిరితో వచ్చే ప్రాణవాయువే గతి. కూత గడువు 30 సెకన్లు. మొదటి దూకుడు సుబ్బారావుది, వెనక్కి పాకుతూ గీత అందుకోవడం చక్కెర పుణ్యం. ఖర్చయిన ఫాస్ఫోక్రియాటిన్ అర నిమిషంలో సగం దాకా తిరిగి చేరుతుంది, పూర్తిగా నిండాలంటే మూడు నుంచి ఐదు నిమిషాలు. మంచి జట్టు నాయకుడు ఒకే కుర్రాణ్ణి వెంటవెంటనే కూతకు పంపడు. శాస్త్రం చదివి కాదు, చూసి చూసి.

ఇక ఆ తర్వాతి సంగతి అంత వరుసగా చెప్పడం కష్టం. హార్వర్డ్‌లో సుబ్బారావుకు శాశ్వత ఉద్యోగం రాలేదు. 1940లో లెడర్లీ కంపెనీకి వెళ్లి మందుల మీద పడ్డాడు. అక్కడ ఆయన బృందం తెచ్చిన హెట్రజాన్, అంటే డీఈసీ, మన డెల్టాలో బోదకాలు కార్యక్రమంలో ఇంటింటికీ పంచిన మాత్ర. 1948లో పోయాడు, 53 ఏళ్లకే. 1995లో తపాలా బిళ్ల వేశారు. ఇప్పుడు పెడనలో మగ్గాల చప్పుడు తగ్గింది, వ్యాయామశాలల్లో పాటల హోరు పెరిగింది. వాటిలో క్రియాటిన్ డబ్బా వందలూ వేలూ పలుకుతుంది. పొడి మంచిదే, రోజుకు మూడు నుంచి ఐదు గ్రాములు చాలంటారు, కిడ్నీ జబ్బున్నవాళ్లు వైద్యుణ్ణి అడగాలి. డబ్బా మీద సింహాలు, గొరిల్లాలు ఉంటాయి. కాళ్లు పట్టేసిన మర్నాడు ‘లాక్టిక్ యాసిడ్ పేరుకుంది’ అని వ్యాయామశాలల్లో ఇప్పటికీ చెబుతారు, అది గంటలోపే రక్తంలోంచి వెళ్లిపోతుందని తెలియక. ఆ నొప్పి కండపోగుల్లో పడే సూక్ష్మమైన చిరుగులది. ఇక డబ్బా కొనలేనివాళ్లకు కిలో చేపలో నాలుగైదు గ్రాముల దాకా క్రియాటిన్ ఉంటుంది, పులుసులో ఉడికితే కొంత పోతుంది. కొల్లేరు పక్కనే ఉన్న జనానికి అది కొత్త కబురేమీ కాదు.