పేరు మార్చుకున్న ప్రతిసారీ: హైదరాబాదు మన్య సంఘం నుంచి దండోరా దాకా

"మీవాళ్ళు ఇద్దరుంటే మూడు సంఘాలు పెడతారు" అన్న ఎత్తిపొడుపు విననివాళ్ళు మనలో ఉండరు. పై కులాలవాళ్ళు అంటే సరే, అది వాళ్ళకి అలవాటు. ఈ మధ్య మన పిల్లలే అంటున్నారు. కరపత్రం కింద ఏ పేరు ముందుండాలన్న దగ్గర తగాదాపడి, "మనకి సంఘం కట్టే లక్షణమే లేదు" అని వాడకెళ్ళి కూర్చున్న కుర్రవాళ్ళని నేను చూశాను. నేనూ అట్లా ఒకసారి కూర్చున్నవాణ్ణే. అందుకని ఈ మాట నిజమా అని చరిత్రనే అడుగుదాం. చీలడమే జబ్బా? లేక చీలినప్పుడు ఏది నిలిచిందో, ఏది పోయిందో చూడాలా?

హైదరాబాదు నుంచి మొదలుపెడదాం. 1906లో మాదరి భాగయ్య అనే పద్దెనిమిదేళ్ళ మాల కుర్రవాడు తన తోటివాళ్ళతో జగన్మిత్ర మండలి పెట్టాడు. తర్వాత లోకం ఆయన్ని భాగ్యరెడ్డి వర్మ అని పిలిచింది. ఆ మండలి చేసిన పని చూడ్డానికి చిన్నది. బస్తీల్లో హరికథలు, భజనలు, నాలుగు మంచి మాటలు. చదువు రాని జనం మధ్య సభలు, తీర్మానాలు అంటే ఎవరొస్తారు? పాట ఉంటే వస్తారు. వచ్చినవాళ్ళకి తాగుడు గురించీ, బాల్య వివాహాల గురించీ, ఆడపిల్లల్ని దేవుడి పేరు చెప్పి జోగినులుగా వదిలేయడం గురించీ చెప్పారు. ఇవాళ మనం దీన్ని 'సంస్కరణవాదం' అని ఒక్క ముక్కలో కొట్టేస్తాం. కానీ ఆ నిజాం రాజ్యంలో వెట్టి చేసేవాడికి నలుగురు కూడి కూర్చోవడమే కొత్త.

అయిదేళ్ళు తిరిగేసరికి ఆ చొక్కా పిల్లవాడికి పొట్టిదయింది. 1911లో మండలి మన్య సంఘం అయింది. మధ్యలో 1910లోనే ఇసామియా బజారులో, లింగంపల్లిలో బడులు పెట్టారు. ఈ వరస గమనించండి: పేరు మారకముందే పని మారింది. భజన బృందానికి బడి అక్కర్లేదు. బడికి మాత్రం అద్దె కట్టాలి, పంతుల్ని పెట్టాలి, పలకలు కొనాలి, పిల్లల్ని పనిలో పెట్టకుండా బడికి పంపమని తల్లిదండ్రుల కాళ్ళావేళ్ళా పడాలి. ఇవన్నీ భజన చేసే నలుగురితో అయ్యేవి కావు. చందా అడిగేవాడు ఒకడు, లెక్క రాసేవాడు ఒకడు, పంచాయితీ చెప్పేవాడు ఒకడు కావలసి వచ్చారు. ఉర్దూ రాజ్యమేలే చోట ఆ బడుల్లో తెలుగు చెప్పారు. 1930ల మొదటికి బడులు 26 దాకా, పిల్లలు 2,500 దాకా పెరిగారంటారు. ఆ లెక్కలో కొంత అటూ ఇటూ ఉన్నా, ఒక అంటరాని కులం తన చేతులతో చేసిన పనికి అది చిన్న అంకె కాదు.

మూడో పేరు దగ్గర కాస్త ఆగుదాం. 1917 నవంబరులో బెజవాడలో ప్రథమ ప్రాంతీయ పంచమ మహాసభ జరిగింది. ఏర్పాట్లలో గూడూరు రామచంద్రరావు లాంటి బ్రాహ్మణ సంస్కర్తలున్నారు. అధ్యక్షుడిగా హైదరాబాదు నుంచి భాగ్యరెడ్డి వర్మని పిలిచారు. పిలిచినవాళ్ళు ఆయన కృతజ్ఞతలు చెప్తాడనుకుని ఉంటారు. ఆయన మాత్రం సభ పేరు మీదే తగువు పెట్టాడు. పంచముడంటే అయిదోవాడు. నాలుగు వర్ణాల లెక్క వాళ్ళది, అందులో మిగిలిపోయిన అంకె మనదా? మేం ఈ నేలకి ఆదివాసులం అన్నాడు. అది ఆది ఆంధ్ర మహాజన సభ అయింది. ఇతరులు కట్టిన పందిట్లో నిలబడి ఆ పందిరి బోర్డునే మార్పించిన ఆ మూడు రోజుల్ని మన పాఠ్యపుస్తకాలు ఒక వాక్యంలో దాటేస్తాయి. 1922లో మద్రాసు ప్రభుత్వం కాగితాల్లో పంచమ, పరయ అన్న మాటల బదులు ఆది ఆంధ్ర, ఆది ద్రావిడ అని రాయడానికి ఉత్తర్వు ఇచ్చింది. హైదరాబాదులోనూ అదే కాలంలో మన్య సంఘం ఆది హిందూ సోషల్ సర్వీస్ లీగ్ అయింది. ఇక్కడ హిందూ అంటే మతం కాదనీ, ఈ దేశపు మొదటివాళ్ళనే అర్థమనీ వర్మ వాదించాడు. 1931 జనాభా లెక్కల్లో నిజాం రాజ్యం ఆ పేరు ఒప్పుకుంది. మండలి, సంఘం, లీగ్: ఇరవై ఏళ్ళు తిరక్కముందే మూడు పేర్లు. ఎవరూ దీన్ని చీలిక అనలేదు. ఎందుకనలేదు? బడి ఆగలేదు గనక, బస్తీ పంచాయితీ ఆగలేదు గనక.

అయితే వర్మగారికి దండ వేసి వ్యాసం ముగిస్తే మనం చరిత్ర రాసినట్టు కాదు. 1920ల నుంచే ఆది హిందువుల మధ్య గొడవలున్నాయి. అరిగె రామస్వామి వేరే వేదిక కట్టాడు. బి.ఎస్. వెంకటరావు ఇంకొకటి. మాదిగలు అరుంధతీయులన్న పేరుతో తమ సభలు తాము పెట్టుకున్నారు. దీన్ని నాయకుల పంతంగా చెప్పడం తేలిక. పంతాలు ఉన్నాయి కూడా. కానీ ఆది హిందువు అన్న పేరు కింద మాలవాడి మాట ఎంత చెల్లింది, మాదిగవాడి మాట ఎంత చెల్లింది అని అడగకుండా ఈ చీలిక అర్థం కాదు. పెద్ద పేరు అందరినీ కలిపింది. ఆ పేరు కిందే ఒకడు కుర్చీలోనూ ఒకడు చాప మీదా కూర్చున్నాడు. చాప మీద కూర్చున్నవాడు తన బాధ చెప్పుకునే చోటు సంఘం లోపల లేకపోయింది. అప్పుడతడు గుమ్మం దాటడం తప్ప ఏం చేస్తాడు?

రెండో చిక్కు తరాలది. 1935 అక్టోబరులో యేవలాలో అంబేద్కర్ తాను హిందువుగా చావనన్నాడు. ఆ మాట విన్న హైదరాబాదు కుర్రవాళ్ళకి తాగుడు మానమని చెప్పే సంఘం చాలలేదు. ఆ మర్నాటేడు మే నెలలో బొంబాయిలో జరిగిన మహర్ మహాసభకి అధ్యక్షత వహించింది మన వెంకటరావే. హైదరాబాదు అంబేద్కర్ అని ఆయన్ని పిలిచేవారు. 1938లో ఆయన డిప్రెస్డ్ క్లాసెస్ అసోసియేషన్ పెట్టాడు. ఇప్పుడు అడిగేది బడి ఒక్కటే కాదు: ఉద్యోగాల్లో వాటా, సభల్లో సీటు. 1939 ఫిబ్రవరిలో వర్మ పోయాడు. ఈయన ఆయన్ని వెన్నుపోటు పొడిచాడన్నట్టు కొందరు పెద్దలు చెప్పగా విన్నాను. నాకు అట్లా తోచదు. ఇసామియా బజారు లాంటి బడుల నుంచే సభలో సీటు అడిగే పిల్లలు వస్తారు. బడి పెట్టినవాడు ఆ పిల్లవాడి ప్రశ్నకి ఎదురు నిలవడమే తప్పు. తప్పు ఎక్కడ జరిగిందంటే, పెద్దలకీ పిల్లలకీ మధ్య అప్పగింత జరగలేదు. ఎవరి చెప్పులు వాళ్ళు తొడుక్కుని వెళ్ళిపోయారు.

తర్వాతి పదేళ్ళు కొట్లాట ముదిరింది. 1942లో నాగపూరులో షెడ్యూల్డ్ కులాల ఫెడరేషన్ పుట్టాక హైదరాబాదులో జె. సుబ్బయ్య ఒక దారి, వెంకటరావు, శ్యాంసుందర్ ఒక దారి. 1947లో వెంకటరావు నిజాం మంత్రివర్గంలో చేరాడు. అది తప్పేనని నా అభిప్రాయం. కానీ ఆ రోజుల్లోనే అణగారిన కులాల చదువుకి కోటి రూపాయల నిధి వచ్చిందన్నదీ నిజమే. రెండూ చెప్పాలి. 1948 సెప్టెంబరులో పోలీసు చర్యతో రాజ్యమే మారిపోయింది. నిజాం వైపు చూసినవాళ్ళ పని అయిపోయిందని అందరూ అనుకున్నారు. నాలుగేళ్ళు కాకముందే, 1952 ఎన్నికల్లో ఫెడరేషన్ దేశం మొత్తం మీద గెలిచిన రెండు లోక్‌సభ సీట్లలో ఒకటి మన కరీంనగర్‌ది. గెలిచినవాడు ఎం.ఆర్. కృష్ణ. హైదరాబాదు శాసనసభలోనూ ఫెడరేషన్‌కి అయిదు సీట్లు వచ్చాయి. పైన నాయకులు అటూ ఇటూ ఊగినా కింద బస్తీలో, పేటలో పని చేసేవాళ్ళు నిలిచినందువల్లే ఇది అయింది. కృష్ణ తర్వాత కాంగ్రెసులోకి వెళ్ళాడు. అది వేరే కథ, చాలాసార్లు జరిగిన కథ.

ఇంతదాకా వచ్చిన పేర్లన్నీ మగవాళ్ళవే. జోగినుల గురించి సభల్లో మాట్లాడారు గానీ సభాపతి కుర్చీలో ఆడమనిషి కనబడదు. 1957లో ఫెడరేషన్ రిపబ్లికన్ పార్టీ అయిన తర్వాత చిలకలగూడ ఈశ్వరీబాయి 1967లో, 1972లో ఎల్లారెడ్డి నుంచి శాసనసభకి గెలిచింది. రిపబ్లికన్ పార్టీ ముక్కలు ముక్కలైన కాలంలో ఆమె అసెంబ్లీలో గొంతెత్తింది. ముక్కల్ని మాత్రం మన పత్రికలు బాగా లెక్కపెట్టాయి.

1985 జులై 17న కారంచేడులో ఆరుగురు మాదిగల్ని చంపారు. మిగిలినవాళ్ళు చీరాలకి పరుగెత్తుకొచ్చారు. ఆ శిబిరంలో వంట చేసినవాళ్ళు, గాయాలు కట్టినవాళ్ళు, కోర్టు కాగితాలు రాసినవాళ్ళు, రాత్రి కాపలా ఉన్నవాళ్ళు కలిసి ఒక జట్టు అయ్యారు. సెప్టెంబరులో దళిత మహాసభ అక్కడే పుట్టింది. ముందు పేరు పెట్టి తర్వాత పని వెతుక్కున్న సంఘం కాదది. కత్తి పద్మారావు, బొజ్జా తారకం ముందు నిలిచారు. 1991 ఆగస్టులో చుండూరులో ఎనిమిది మందిని నరికి కాలవలో పారేస్తే మాల, మాదిగ అనకుండా జనం కదిలారు. మూడేళ్ళకే, 1994 జులై 7న ప్రకాశం జిల్లా ఈదుమూడిలో మాదిగ దండోరా మోగింది. రిజర్వేషన్లో మా వాటా ఏదని.

మళ్ళీ చీలిక అని గుండెలు బాదుకున్నవాళ్ళు చాలామంది. ఆ రోజుల్లో నేనూ సంశయించాను, దాచడం ఎందుకు. కానీ 1920ల్లో చాప మీద కూర్చున్నవాడు అడగలేకపోయిన ప్రశ్నే ఇది. డెబ్బై ఏళ్ళు ఆలస్యంగా వచ్చింది గనక గొంతు పెద్దదైంది. ఆ ప్రశ్నకి సంఘం లోపలే చోటు ఇచ్చి ఉంటే వీధిలో ఒకరి మీద ఒకరు రాళ్ళు రువ్వుకునే దాకా వచ్చేది కాదేమో.

ఈసారి ఒక సంగతి మాత్రం వెనకటిలా జరగలేదు. టి.ఎన్. సదాలక్ష్మి సికిందరాబాదు బస్తీల్లో పెరిగిన మనిషి. 1960లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ ఉపసభాపతి అయింది. మంత్రిగా చేసింది, 1969 తెలంగాణ ఉద్యమంలో ముందు నడిచింది. ఇన్ని కుర్చీలు చూసిన ఆమె, డెబ్బయ్యో పడికి దగ్గరపడ్డ వయసులో దండోరా కుర్రవాళ్ళ వెంట నడిచింది. మనవల వయసు పిల్లల సభల్లో కూర్చుంది. 1920లలో పెద్దలు చెయ్యలేనిది ఆమె చేసింది. 1997లో వర్గీకరణ జీవో వచ్చింది, 2000లో చట్టం వచ్చింది. 2004లో సదాలక్ష్మి పోయింది. అదే ఏడాది నవంబరులో సుప్రీంకోర్టు ఆ చట్టం కొట్టేసింది. 2024 ఆగస్టు 1న అదే కోర్టు వర్గీకరణ చెల్లుతుందని చెప్పినప్పుడు, ఆమెతో కలిసి నడిచిన ఆ కుర్రవాళ్ళకి తల నెరిసింది.