నేటాల్ నేలపై తెలుగు వితంతువుల సేద్యం

దక్షిణాఫ్రికాలోని నేటాల్‌లో తెలుగు కుటుంబాల సేద్యం చెరకు తోటల ఒప్పంద కూలీతో మొదలైంది. తొలి కూలీలతో మద్రాసులో బయల్దేరిన ‘ట్రూరో’ ఓడ 1860 నవంబరు 16న డర్బన్ చేరింది. 1911లో ఈ వలస ఆగేలోగా 1,52,000 మందికి పైగా భారతీయులు అక్కడ దిగారు. మద్రాసు ఓడలు ఎక్కినవారిలో తమిళులతో పాటు గంజాం, విశాఖ, గోదావరి, నెల్లూరు, ఉత్తర ఆర్కాటు జిల్లాల తెలుగువారూ ఉన్నారు.

ప్రతి వందమంది మగవారికి 40 మంది ఆడవారు ఉండాలన్నది నియమం. ఆ లెక్క నింపడానికి ఏజెంట్లు దిక్కులేని ఆడవారిని వెతికేవారు. అత్తింటి పొలంలో తిండీ బట్టా తప్ప హక్కులేని వితంతువుకు, కరువు రోజుల్లో మరీనూ, కూలీలను ఓడ ఎక్కించేముందు ఉంచే మద్రాసు డిపో ఒక్కటే దారిగా కనబడేది. కొందరు పిల్లల్ని చంకనేసుకుని ఓడ ఎక్కారు. మరికొందరి భర్తలు తోటల్లోనే పోయారు.

ఒప్పందం అయిదేళ్లు. తొలి ఏడాది మగవాడికి నెలకు 10 షిల్లింగులు, ఆడమనిషికి అందులో సగం. గడువు తీరాక చాలా కుటుంబాలు తోటల యజమానుల దగ్గరే భూమి కౌలుకు తీసుకున్నాయి. పొదలు నరికి మొక్కజొన్న, చిక్కుడు, పొగాకు, కూరగాయలు వేశాయి. తల్లీ పిల్లలూ కలిసి పండించిన కూరగాయలు గంపల్లో డర్బన్ వీధులకు చేరేవి. తిరుగు ప్రయాణ ఖర్చుకు బదులు ప్రభుత్వ భూమి ఇచ్చే పద్ధతి కొన్నాళ్లు ఉన్నా, అది దక్కింది బహుకొద్దిమందికే. 1891లో అదీ రద్దయింది.

ఇదే కాలంలో అమెరికా 1862 హోమ్‌స్టెడ్ చట్టం ప్రకారం, కరువు తరిమిన ఐర్లండ్ నుంచి వెళ్లిన వితంతువు కూడా ఇంటి పెద్ద హోదాలో 160 ఎకరాలు కోరవచ్చు. అయిదేళ్లు అక్కడే ఉండి సాగుచేస్తే పట్టా ఆమెదే. నేటాల్‌లో అయిదేళ్లు చాకిరీ చేసిన తెలుగు వితంతువుకు మాత్రం పట్టా బదులు పన్ను వచ్చింది. 1895 చట్టం తర్వాత ఒప్పందంపై వచ్చినవారు గడువు తీరాక స్వతంత్రంగా అక్కడే ఉండాలంటే ఏటా 3 పౌండ్లు కట్టాలి. అంటే 60 షిల్లింగులు. ఆడకూలీకి తొలి ఏడాది మొత్తం జీతం అంతే! 1903లో దీన్ని 16 ఏళ్లు దాటిన కొడుకులకు, 13 దాటిన కూతుళ్లకూ విధించారు. ఎదిగిన పిల్లలు ముగ్గురున్న వితంతువు ఇంటిమీద ఏటా 12 పౌండ్లు పడేది. మగదిక్కులేని ఇంటిని మళ్లీ తోటకు తోలడానికి ఇంతకంటే క్రూరమైన సాధనం అక్కర్లేదు. 1910లో ఆడవారికి మినహాయింపు ఇచ్చే అధికారం మేజిస్ట్రేట్లకు దక్కింది. 1913లో ఈ పన్నుకు వ్యతిరేకంగా గాంధీ నడిపిన సమ్మెలో గని కార్మికులూ తోటకూలీలూ వేలల్లో పని మానేశారు. మరుసటి ఏడాది పన్ను రద్దయింది.

ఆ కుటుంబాల వారసులు 1931లో దక్షిణాఫ్రికా ఆంధ్ర మహాసభ స్థాపించుకున్నారు. ఓడల జాబితాల్లో పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, ఊరు నమోదై ఉన్నాయి. ఏలూరు, భీమడోలు, తాడేపల్లిగూడెం పరిసరాల్లో దూరదేశం వెళ్లి తిరిగిరాని ముత్తవ్వ మాట ఇంట్లో ఎవరైనా చెప్పుకొంటుంటే, ఆ జాబితాల్లో ఆమె పేరు వెతకాలి.