హృదయ శస్త్రచికిత్సలో ‘తొలి’ అడుగు: డాక్టర్ పి. వేణుగోపాల్ వృత్తిజీవితం – పెనుకొండ ప్రాంత నేపథ్యం

వ్యాససంగ్రహం:

భారతదేశంలో తొలి విజయవంతమైన గుండె మార్పిడి చేసిన శస్త్రవైద్యుడు డాక్టర్ పి. వేణుగోపాల్ (1942–2024). ఆయన కీర్తి ప్రధానంగా 1994 ఆగస్టు 3న ఢిల్లీలో జరిగిన ఆ శస్త్రచికిత్సతో ముడిపడి ఉంది. అంతకు మూడేళ్ళ ముందు, పూర్వపు పెనుకొండ తాలూకాలోని పుట్టపర్తిలో ఉచిత హృదయ శస్త్రచికిత్సలకు శ్రీకారం చుట్టింది కూడా ఆయన బృందమే. ఈ రెండు ఘటనలను పక్కపక్కన ఉంచి, వైద్యచరిత్రలో ‘తొలి’ అనే మాటను ఏ కొలమానంతో చూడాలో చర్చించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: వైద్యచరిత్ర, హృదయ శస్త్రచికిత్స, గుండె మార్పిడి, వేణుగోపాల్, పుట్టపర్తి, పెనుకొండ, హిందూపురం, ధర్మవరం.

1. ఉపోద్ఘాతం:

వైద్యచరిత్రను సాధారణంగా ‘తొలి’ ఘటనల వరుసగా రాస్తారు. తొలి శస్త్రచికిత్స ఎవరు చేశారు, ఎక్కడ చేశారు, ఏ తేదీన చేశారు అన్నవే ఆ రచనలో ప్రధానాంశాలు. శస్త్రచికిత్స తరువాత రోగి ఎన్నాళ్ళు జీవించాడు, ఆ చికిత్స సామాన్యుడికి ఎంత దూరంలో ఉంది అనే రెండు ప్రశ్నలు వెనకబడిపోతాయి. వేణుగోపాల్ వృత్తిజీవితాన్ని ఢిల్లీ వైపు నుంచే చూస్తే మొదటి ప్రశ్నకు మాత్రమే సమాధానం దొరుకుతుంది. రెండో ప్రశ్నకు సమాధానం కావాలంటే పెనుకొండ వైపు నుంచి కూడా చూడాలి.

2. రాజమండ్రి నుంచి ఢిల్లీకి:

వేణుగోపాల్ 1942 జూలై 6న రాజమండ్రిలో జన్మించారు. 1956లో ఏర్పడిన అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థలో (ఎయిమ్స్) 1959లో వైద్యవిద్యార్థిగా చేరారు. అక్కడే హృదయ శస్త్రచికిత్సలో ఉన్నత శిక్షణ పొంది, అధ్యాపకుడై, ఆ విభాగానికి అధిపతి అయ్యారు. భారతీయ హృదయ శస్త్రచికిత్సకు పునాదులు వేసినవారిలో ఒకరైన డాక్టర్ ఎన్. గోపీనాథ్ ఆయనకు గురువు. విద్యార్థిగా ప్రవేశించిన సంస్థకే 2003లో సంచాలకులయ్యారు. 1998లో పద్మభూషణ్ పురస్కారం అందుకున్నారు. ఒకే ప్రభుత్వ సంస్థలో గడిచిన ఈ సుదీర్ఘ వృత్తిజీవితాన్ని ఆ సంస్థ చరిత్ర నుంచి విడదీసి చూడలేము.

3. గుండె మార్పిడి – ప్రపంచ నేపథ్యం:

మనిషి గుండెను మరో మనిషికి అమర్చే తొలి శస్త్రచికిత్సను 1967 డిసెంబరు 3న దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్‌లో క్రిస్టియాన్ బర్నార్డ్ చేశారు. రోగి 18 రోజులు జీవించాడు. 1968 ఫిబ్రవరిలో బొంబాయిలోని కె.ఇ.ఎం. ఆసుపత్రిలో డాక్టర్ పి.కె. సేన్ ఇదే ప్రయత్నం చేశారు. రోగి కొన్ని గంటలు మాత్రమే బతికాడు. అదే ఏడాది మే 26న బ్రెజిల్‌లోని సావో పాలోలో యూరిక్లిడెస్ జెర్బిని చేసిన శస్త్రచికిత్స తరువాత రోగి 28 రోజులు జీవించాడు.

ఈ ముగ్గురిలో ఎవరికీ నైపుణ్యం కొరవడలేదు. పరాయి అవయవాన్ని శరీరం తిరస్కరించడమే అసలు అడ్డంకి. ఆ కారణంగానే 1970లలో ప్రపంచంలోని చాలా ఆసుపత్రులు గుండె మార్పిడిని మానుకున్నాయి. తిరస్కరణను అదుపు చేసే సైక్లోస్పోరిన్ అనే ఔషధం 1980లలో వాడుకలోకి వచ్చాకే ఈ చికిత్స మళ్ళీ ఊపందుకుంది. కాబట్టి ఇక్కడ ‘విజయం’ అనే మాటకు అర్థం శస్త్రచికిత్స పూర్తికావడం కాదు, రోగి ఇంటికి వెళ్ళి జీవించడం.

4. పుట్టపర్తి – 1991:

1991 నవంబరు 22న పుట్టపర్తి సమీపంలోని ప్రశాంతిగ్రామంలో శ్రీ సత్యసాయి ఉన్నత వైద్య విజ్ఞాన సంస్థను నాటి ప్రధానమంత్రి పి.వి. నరసింహారావు ప్రారంభించారు. అక్కడ తొలి హృదయ శస్త్రచికిత్సలను వేణుగోపాల్ నాయకత్వంలో ఢిల్లీ నుంచి వచ్చిన బృందం నిర్వహించింది. రోగి నుంచి రుసుము తీసుకోకపోవడం ఆ ఆసుపత్రి నియమం.

ఈ ఘటన ప్రాముఖ్యం తెలియాలంటే ఆ ప్రాంతపు స్థితిని గమనించాలి. గుంతకల్లు – బెంగుళూరు రైలుమార్గంలో ధర్మవరం, పెనుకొండ, హిందూపురం వరుసగా వస్తాయి. గుండెజబ్బు రోగి ఈ దారినే పట్టి బెంగుళూరుకో, మరో దారిన వెల్లూరుకో, హైదరాబాదుకో వెళ్ళవలసి వచ్చేది. పేద కుటుంబాల పిల్లల్లో ఎక్కువగా కనిపించే రుమాటిక్ జ్వరం గొంతునొప్పితో మొదలై, కాలక్రమంలో గుండె కవాటాలను దెబ్బతీస్తుంది. దెబ్బతిన్న కవాటం స్థానంలో లోహపు కవాటాన్ని అమర్చితే, రక్తం గడ్డకట్టకుండా రోగి జీవితాంతం మందు వాడాలి, తరచూ రక్తపరీక్ష చేయించుకోవాలి. అంటే శస్త్రచికిత్స ఒక్కసారే జరిగినా, ప్రయాణం జీవితాంతం ఉంటుంది. ధర్మవరంలోని నేత కార్మికుడు పరీక్షకు వెళ్ళిన ప్రతిసారీ మగ్గం ఆగుతుంది, ఆ రోజు కూలి పోతుంది. ఆసుపత్రి దగ్గరగా ఉండటం అతనికి చికిత్సలో భాగమే.

పుట్టపర్తికి రైల్వేస్టేషన్ 2000లో వచ్చింది. అంతకుముందు దూరప్రాంతాల నుంచి రైల్లో వచ్చే రోగులకు ఈ మూడు పట్టణాల స్టేషన్లే ద్వారాలు. ఒకప్పుడు వైద్యం కోసం బయటికి దారితీసిన రైలుమార్గమే ఇతర ప్రాంతాల రోగులను ఇక్కడికి తీసుకువచ్చింది.

5. ఢిల్లీ – 1994:

గుండె మార్పిడికి నైపుణ్యం, ఔషధంతో పాటు చట్టం కూడా కావాలి. గుండె ఆగిపోయాక దానిని తీసి అమర్చడం నాటి పద్ధతుల్లో సాధ్యంకాదు. మెదడు పూర్తిగా మరణించి, గుండె ఇంకా కొట్టుకుంటున్న దశలోనే తీయాలి. తీసిన తరువాత సుమారు నాలుగు గంటల్లో అమర్చాలి. మెదడు మరణాన్ని మరణంగా గుర్తించిన మానవ అవయవాల మార్పిడి చట్టానికి 1994 జూలై 8న రాష్ట్రపతి ఆమోదం లభించింది. నెల తిరగకముందే, ఆగస్టు 3న, వేణుగోపాల్ బృందం ఎయిమ్స్‌లో గుండె మార్పిడి చేసింది. చట్టం అధికారికంగా అమల్లోకి వచ్చింది 1995 ఫిబ్రవరి 4న. ఆ రోగి పదేళ్ళకు మించి జీవించాడు. 1968 నాటి గంటలు, రోజులు ఇక్కడ సంవత్సరాలుగా మారాయి.

6. సంస్థ – స్వయంప్రతిపత్తి:

సంచాలకుడిగా వేణుగోపాల్ పదవీకాలం వివాదాల మధ్య నడిచింది. పదవికి వయోపరిమితి విధిస్తూ 2007లో పార్లమెంటు చేసిన చట్టసవరణ వల్ల, గడువు తీరకముందే ఆయన పదవి కోల్పోయారు. 2008 మే 8న సుప్రీంకోర్టు ఆ సవరణను కొట్టివేయడంతో తిరిగి బాధ్యతలు చేపట్టి, జూలైలో పదవీకాలం ముగించారు. వ్యక్తుల మధ్య వివాదంగా ప్రచారం పొందినా, వైద్యసంస్థ పాలనలో ప్రభుత్వ జోక్యానికి హద్దు ఎక్కడ అనే ప్రశ్నను ఇది చరిత్ర ముందు నిలిపింది. 2024 అక్టోబరు 8న వేణుగోపాల్ మరణించారు.

7. ముగింపు:

పై పరిశీలన వల్ల తేలిన అంశాలివి. ‘తొలి’ శస్త్రచికిత్స వెనుక శస్త్రవైద్యుడి చేయి ఒక్కటే ఉండదు. శిక్షణ ఇచ్చిన సంస్థ, తిరస్కరణను ఆపిన ఔషధం, మరణాన్ని నిర్వచించిన చట్టం కూడా ఉంటాయి. ఆ విజయాన్ని కొలవవలసింది శస్త్రచికిత్స జరిగిన రోజుతో కాదు, ఆ తరువాత రోగి జీవించిన కాలంతో. ఇక ఆ చికిత్స సమాజానిది అయిందా లేదా అన్నది రోగి ప్రయాణించవలసిన దూరం చెబుతుంది. 1991లో పుట్టపర్తిలో ఆ దూరాన్ని తగ్గించింది ధార్మిక సంస్థ. 2007 ఏప్రిల్‌లో ఆరోగ్యశ్రీ పథకం తొలిదశకు ఎంపికైన మూడు జిల్లాల్లో అనంతపురం ఒకటి కావడంతో, ఆ బాధ్యతలో ప్రభుత్వం కూడా చేరింది.

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం నేడు 2022లో ఏర్పడిన శ్రీ సత్యసాయి జిల్లాలో ఉన్నాయి. ఈ ప్రాంతాల్లో కొత్త కవాటంతో బతికినవారి జ్ఞాపకాలు, వారు దాచుకున్న చికిత్సా పత్రాలు వైద్యచరిత్రకు ఆధారాలే. వాటిని సేకరించినప్పుడే వేణుగోపాల్ జీవితచరిత్ర ఒక వ్యక్తి కీర్తిగాథగా మిగిలిపోక, తెలుగునేల సామాజికచరిత్రలో భాగమవుతుంది.