గడప దాటని మాట

మిషిగన్ రాష్ట్రం, ఈస్ట్ లాన్సింగ్. అక్కడి విశ్వవిద్యాలయంలో లారీ నాసర్ అనే వైద్యుడుండేవాడు. మందులతో పాటు చేతి చికిత్సనూ నేర్పే ఆస్టియోపతి ఆయన చదువు. 1996 అట్లాంటా మొదలు నాలుగు ఒలింపిక్స్‌లో అమెరికా జిమ్నాస్టుల వెంట ఉన్నాడు. మడమ బెణికినా, నడుము పట్టేసినా తల్లులు పిల్లల్ని వెంటబెట్టుకుని ఆయన దగ్గరికే వచ్చేవారు. జిమ్నాస్టుల టెక్సాస్ శిక్షణ శిబిరంలో తిండి దగ్గర కూడా కట్టడి ఉంటే, ఆయన మాత్రం చాటుగా మిఠాయి చేతిలో పెట్టేవాడు. ఇంటికి దూరమైన ఆ పిల్లలకు దయగల మనిషి ఆయనొక్కడే అనిపించింది.

ఆ గదిలోకి ఒకసారి తొంగి చూడండి. బల్లమీద పిల్ల పడుకుని ఉంది. మూల కుర్చీలో తల్లి కూర్చుంది. డాక్టరు ఆ తల్లికి అడ్డంగా నిలబడి కబుర్లు చెబుతూనే ఉన్నాడు. వైద్యం పేరుతో చేయకూడనిది చేస్తున్న ఆ చేతులు ఆమెకు కనబడవు. పిల్లకు తెలుస్తుంది కానీ, దాన్ని ఏమనాలో తెలియదు.

అయినా పిల్లలు చెప్పారు. గుండె కోసేది అదే. 1997లోనే, పదహారేళ్ల వయసులో, కోచ్‌కు చెప్పుకున్నానని ఒకామె తర్వాత బయటపెట్టింది. అథ్లెటిక్ ట్రైనర్లకు చెప్పుకున్నామని ఇంకొందరన్నారు. రోజూ కట్లు కట్టి, కండరాలు సాపు చేసే మనుషులు వాళ్లు. పిల్లల ఒంటి నొప్పి వాళ్లకు తెలిసినంతగా మరెవరికీ తెలియదు. కానీ ఆ మాట గడప దాటలేదు. 'ఆయన అలాంటివాడు కాదు, నువ్వే పొరపడ్డావు' అన్న జవాబు దగ్గరే ఆగిపోయింది. 2014లో విశ్వవిద్యాలయం విచారణ జరిపింది. అడిగిన వైద్య నిపుణులంతా ఆ సంస్థతో ముడిపడినవాళ్లే. అది వైద్యమేనని తేల్చారు.

చట్టం లేక కాదు. పిల్లల మీద అఘాయిత్యం జరిగిందన్న అనుమానానికి తగిన కారణం ఉంటే వైద్యులు, నర్సులు, టీచర్లు వెంటనే తెలియజేయాలని మిషిగన్ చట్టం 1975 నుంచీ చెబుతోంది. నిజమో కాదో నువ్వు తేల్చు అని అది అడగదు. తీర్పు వేరేవాళ్లది, నీ చెవిన పడింది చేరాల్సిన చోటికి చేర్చడం మాత్రమే నీ పని. పిల్లల మీద లైంగిక నేరాలను అరికట్టే మన పోక్సో చట్టం 19వ సెక్షన్ ఆ బాధ్యతను ప్రతి ఒక్కరి మీదా పెట్టింది. ఈస్ట్ లాన్సింగ్‌లో ఆ చిన్న పని జరగలేదు. విన్న ప్రతివాళ్లూ తామే న్యాయమూర్తులయ్యారు.

2015 జూన్‌లో సంగతి అమెరికా జిమ్నాస్టిక్స్ సమాఖ్యకు చేరింది. అక్కణ్నుంచి ఎఫ్‌బీఐకి చేరడానికి అయిదు వారాలు దాటింది. ఎఫ్‌బీఐ చేతుల్లోనూ ఏడాదికి పైగా మగ్గింది. ఆ వ్యవధిలో 70 మందో అంతకంటే ఎక్కువమందో అతని చేతిలో నలిగారన్న ఆరోపణలను 2021లో న్యాయశాఖ ఇన్‌స్పెక్టర్ జనరల్ నివేదిక నమోదు చేసింది. ఆలస్యం ఖరీదు అది.

చివరికి 2016లో బాధితుల్లో ఒకరైన రేచల్ డెన్‌హోలాండర్ తన పేరుతో, తన ముఖంతో ఇండియానాపొలిస్ స్టార్ పత్రిక ముందుకొచ్చింది. దాంతో గోడలన్నీ కూలాయి. 2018 జనవరి 24న అతనికి 40 నుంచి 175 ఏళ్ల జైలుశిక్ష పడింది. అదే రోజు విశ్వవిద్యాలయ అధ్యక్షురాలు రాజీనామా చేశారు. బాధితులకు 50 కోట్ల డాలర్లు చెల్లించడానికి ఆ సంస్థ ఒప్పుకుంది. 2014 విచారణ తర్వాత అతని మీద పెట్టిన షరతులు అమలవుతున్నాయో లేదో చూడని అక్కడి డీన్, విధి నిర్లక్ష్యం కింద దోషిగా తేలాడు. అనుమానం కలిగితే 24 గంటల్లో తెలియజేయాలనే బాధ్యతను 2018 ఫిబ్రవరిలో వచ్చిన ఫెడరల్ చట్టం క్రీడా సంస్థల మీదా పెట్టింది.

ఆ శిక్షకు ముందు కోర్టులో ఏడు రోజులపాటు 156 వాంగ్మూలాలు వినిపించాయి. ఏళ్ల తరబడి గడప దాటని మాటలన్నీ అక్కడికి చేరాయి. 2009లో ప్రాణం తీసుకున్న ఒక అమ్మాయి తరఫున, ఆమె తల్లి వచ్చి నిలబడింది. ఆ రోజు వినడానికి అందరూ ఉన్నారు. చెప్పాల్సిన పిల్లే లేదు.