కడెం: నాలుగు గంటల ఏరు

ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లాలో పుట్టి, ఆ జిల్లా దాటకుండానే గోదావరిలో కలిసిపోయే ఏరు కడెం. బోథ్ వైపు గుట్టల నీళ్లన్నీ కూడగట్టుకుని, నేరడిగొండ దగ్గర కుంటాల జలపాతమై సుమారు 150 అడుగులు దూకుతుంది. ఆపైన అడవుల గుండా కడెం ఊరు చేరి, మరికొంత దూరం పోయి గోదావరిలో పడుతుంది. అక్కడ అవతలి గట్టు పాత కరీంనగర్ జిల్లా.

హిమాలయాల్లోనో ఆల్ప్స్‌లోనో పుట్టిన కొండ ఏరుకు మంచు అండ ఉంటుంది. ఎండలు ముదిరే కొద్దీ మంచు కరిగి నీరిస్తుంది. కడెంకు వానే దిక్కు. ఎండాకాలం వస్తే ఎగువ గూడేల ఆడవాళ్లు వాగు ఇసుకలో చెలిమెలు తోడుకోవాలి. ఊరిన నీళ్లను చిన్న గిన్నెతో ముంచి, బురద కదలకుండా బిందెలోకి ఒంపుకుంటారు. శ్రావణంలో ఆ వాగునే దాటడం ఎవరి తరమూ కాదు.

గోండులు, కొలాములు ఈ రెండు రూపాలనూ ఎరిగి బతికారు. కుంటాల దగ్గర సోమేశ్వరుడికి శివరాత్రి మొక్కులు చెల్లించేదీ నీరు తగ్గి, రాళ్లు తేలాకే. జలపాతం దగ్గర జల విద్యుత్ కేంద్రం కడతామన్నప్పుడు స్థానికులు అడ్డం నిలిచారు. వాళ్లు చేసింది సబబే.

పొలాలకు నీళ్లివ్వాలని హైదరాబాద్ రాష్ట్రం ఉన్నప్పుడే, 1949లో, కడెం ప్రాజెక్టు పని మొదలైంది. అది పూర్తిగా కుదురుకోకముందే, 1958 ఆగస్టులో, సుమారు 5.2 లక్షల క్యూసెక్కుల వరద మీదపడింది. కట్ట మీద అడుగున్నర ఎత్తున నీళ్లు పొర్లాయి. ఎడమ వైపు మట్టికట్టకు దాదాపు 450 అడుగుల మేర గండి పడింది. కుడి వైపు మరో రెండు చోట్ల తెగింది. తర్వాత గేట్లు పెంచి, 1965 నాటికి మళ్లీ నిలబెట్టారు. ఇప్పుడు 18 గేట్లు, 7.6 టీఎంసీల నిల్వ. కడెం, జన్నారం, దండేపల్లి, లక్సెట్టిపేట వైపు 68 వేల ఎకరాల ఆయకట్టుకు ఇదే ఆధారం. శ్రీరాంసాగర్ నుంచి సరస్వతి కాలువ కూడా ఇటే వస్తుంది.

ఈ ప్రాజెక్టు చరిత్ర చదివిన ప్రతిసారీ నాకు ఒక లెక్క గుర్తొస్తుంది. 5 లక్షల క్యూసెక్కులు వస్తుంటే, అడుగంటిన జలాశయం కూడా నాలుగు గంటల పైచిలుకులో నిండిపోతుంది. అప్పటికే సగం నిండి ఉంటే మిగిలేది రెండు గంటలే. పరీవాహకం రెండున్నర వేల చదరపు కిలోమీటర్లకు కాస్త పైన, అదీ నిటారు గుట్టల నేల. కురిసిన వాన ఆగదు.

2022 జులైలో అదే జరిగింది. 5 లక్షల క్యూసెక్కుల వరద వస్తే, గేట్లన్నీ లేచినా బయటికి పోగలిగేది సుమారు 3 లక్షలే. ఒక గేటు మొరాయించింది. వేళ్లతో సహా కొట్టుకొచ్చిన చెట్లు గేట్లకు అడ్డం పడ్డాయి, నీళ్లు పైనుంచి పొర్లాయి. దిగువ ఊళ్లను ఖాళీ చేయించారు. కట్ట నిలిచింది. మరుసటి జులైలో నాలుగు గేట్లు లేవలేదు, మళ్లీ గేట్ల మీదుగానే నీళ్లు దూకాయి. 1958లోనే ఏరు తన సత్తా ఎంతో అంకెతో సహా చూపించింది. ఆ అంకె కాగితాల్లో ఉంది. అయినా కౌంటర్ వెయిట్లు, మోటార్ల మరమ్మతులు వరదలు వచ్చిపోయాకే గుర్తుకు రావడం క్షమించరానిది.

ఎగువన కుప్టి దగ్గర ఇంకో జలాశయం మాట ఏళ్లుగా నలుగుతోంది. అది కడితే వరద జోరు కొంత తగ్గుతుంది, కుంటాల ధార కూడా తగ్గవచ్చు. ఆ మంచిచెడ్డలు ఆదివాసీ గూడేలను కూర్చోబెట్టుకుని తేల్చాలి. ఈలోగా చేయాల్సింది చిన్నదే: వానాకాలానికి ముందే 18 గేట్లనూ ఒక్కొక్కటిగా ఎత్తి దించి చూడాలి. బోథ్‌లో ఎంత వాన పడిందో కడెం గేట్ల దగ్గరున్న సిబ్బందికి గంట గంటకూ తెలియాలి.