గోడలు లేని రంగస్థలం, గోడలున్న రంగశాల



ఆంబూరు అనగానే ఇవాళ చాలామందికి తోళ్ల పరిశ్రమ గుర్తుకు వస్తుంది, ఆ తరవాత బిరియానీ గుర్తుకు వస్తుంది. చరిత్ర చదువుకున్నవారికి 1749లో ఆర్కాటు నవాబు అన్వరుద్దీన్ ఖాన్ ప్రాణాలు కోల్పోయిన యుద్ధం గుర్తుకు వస్తుంది. కళల ప్రసక్తి వచ్చినప్పుడు మాత్రం ఆంబూరునూ గుడియాత్తాన్నీ తలచుకునేవారు అరుదు. మద్రాసు అంటారు, తంజావూరు అంటారు, విజయనగరం అంటారు, రాజమండ్రి అంటారు. మధ్యలో పాలారు ఒడ్డున ఉన్న ఊళ్లను రైలు కిటికీలోంచి చూసి ముందుకు వెళ్లిపోతారు.

ఈ ఊళ్లలో తెలుగు కుటుంబాలు తరతరాలుగా ఉన్నాయి. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, కచేరీలో ఒకప్పుడు ఇంగ్లీషు, ఇప్పుడు తమిళం. మరి ఇంటి గడప దాటాక నలుగురూ కలిసి తెలుగు వినే చోటు ఏది? పాటకో, ఆటకో, కథకో జనం చేరే చోటు. అటువంటి చోట్ల చరిత్రను ఈ పూట కొంత చెప్పుకుందాం. రంగస్థలం ఎవరు కట్టారు, లోపలికి ఎవరు రాగలిగారు అన్నవే మనకు ముఖ్యమైన ప్రశ్నలు.

ముందుగా వేలూరు కోట. కోటలోని జలకంఠేశ్వరాలయంలో కల్యాణ మండపం ఉంది. పదహారో శతాబ్దపు విజయనగర శిల్పుల పనితనం చూడాలంటే ఆ స్తంభాల ముందు నిలబడాలి. ముందరి కాళ్లెత్తి దూకుతున్న గుర్రాలు, వాటిపై రౌతులు, కప్పుమీద చెక్కిన పద్మం. వేలూరును ఏలిన చిన్నబొమ్మ నాయకుడు అప్పయ్య దీక్షితులకు కనకాభిషేకం చేయించిన ప్రభువు. ఆ తరవాత ఆరవీటి వంశపు రెండవ వేంకటపతి రాయలు చంద్రగిరి నుంచి వేలూరుకు రాజధాని మార్చాడు. అంటే కొంతకాలం ఈ ఊరు తెలుగు ప్రభువుల కొలువు. కాని కొలువు కూటంలో జరిగే గోష్ఠికి పిలుపు అందినవాడే వెళ్లాలి. బయటివాడికి ప్రవేశం లేదు.

ఆ మండపాన్ని విప్పదీసి, రాయి రాయికీ అంకె వేసి, ఓడకెక్కించి ఇంగ్లండుకు తీసుకుపోవాలని కుంపిణీ దొరలు తలపెట్టారనీ, రావలసిన ఓడ మునిగిపోవడంతో మండపం మనకు మిగిలిందనీ ఒక కథ చెబుతారు. కథ మాట ఎలా ఉన్నా, మండపం మిగిలింది, ఆలయంలో దేవుడు మాత్రం చాలాకాలం లేడు. గుళ్లో మళ్లీ లింగప్రతిష్ఠ జరిగింది 1981లోనే. ఇవాళ ఆ కోటలోనే ప్రభుత్వ మ్యూజియం కూడా ఉంది. వీరగల్లులు చూడదలచినవారు అక్కడికి వెళ్లవచ్చు.

పిలుపు అక్కరలేని రంగస్థలం వేరే ఉండేది. అది ద్రౌపదమ్మ గుడి ముందరి మైదానం.

పాత ఉత్తర ఆర్కాటు జిల్లా మొత్తానికీ ఇది సొంత ఆస్తి. మొత్తం అని ఎందుకంటున్నానంటే, 1911 ఏప్రిల్ 1 దాకా చిత్తూరు, పలమనేరు, వేలూరు, గుడియాత్తం అన్నీ ఒకే జిల్లా. దానికి ముఖ్య పట్టణం చిత్తూరే. ఆ రోజున చిత్తూరు వేరే జిల్లా అయింది. ద్రౌపదమ్మకు మాత్రం ఆ సంగతి ఎవరూ చెప్పినట్టు లేదు. గీతకు అటూ ఇటూ భారత ఉత్సవాలు ఒకే తీరున సాగాయి.

ఉత్సవం సాధారణంగా పద్ధెనిమిది రోజులు. పగలు భారత కథాకాలక్షేపం, రాత్రి నాటకం. ఇటు తెలుగువారు హరికథలో కవిత్రయ భారతాన్ని ఆశ్రయిస్తే, అటు తమిళులు విల్లిపుత్తూరారు భారతాన్ని చదువుతారు. ఇటు దాన్ని వీధినాటకం అన్నారు, అటు తెరుక్కూత్తు అన్నారు. తెరు అంటే వీధే. వేషాలూ దగ్గరి చుట్టాలే. కొయ్యతో చేసి అద్దాలు అతికిన కిరీటాలు, భుజకీర్తులు, ముఖానికి దట్టంగా రంగు. ఇద్దరు మనుషులు ఒక గుడ్డను తెరగా పట్టుకుంటారు. దాని వెనక నుంచి దుర్యోధనుడు తన పేరూ ప్రతాపమూ పాడుకుంటూ గజ్జెలు మోగిస్తాడు. తెర తొలగేసరికి పిల్లలు అమ్మ కొంగు వెనక్కి పోతారు.

ఈ నాటకానికి మైదానం ఒక్కటే రంగస్థలం అనుకుంటే పొరపాటు. బకాసుర వధ నాడు భీముడు బండెక్కి ఊరంతా తిరుగుతాడు, ఇంటింటివారూ అన్నం పెడతారు. అర్జునుడి తపస్సు నాడు ఎత్తయిన మాను పాతుతారు. దాన్ని తపస్సు మాను అంటారు. వేషధారి పద్యాలు పాడుతూ ఒక్కొక్క మెట్టే ఎక్కి పైనుంచి నిమ్మపండ్లు, పూలు, విభూతి విసురుతాడు. సంతానం కోరే స్త్రీలు కింద కొంగు పట్టుకొని కూర్చుంటారు. చివరి రోజు మట్టితో చేసిన దుర్యోధనుడి విగ్రహం నేలమీద వెల్లకిలా పడి ఉంటుంది, మనుషులు దాని పక్కన చీమల్లా కనిపిస్తారు. భీముడు తొడ కొట్టాక ద్రౌపది జుట్టు ముడుస్తుంది. సాయంత్రం అగ్నిగుండం తొక్కడంతో ఉత్సవం ముగుస్తుంది. ఇందులో ప్రేక్షకుడెవరు, పాత్రధారి ఎవరు? భీముడికి ముద్ద పెట్టిన ఇల్లాలు ఏ కోవలోకి వస్తుంది? టిక్కెట్టు లేదు, ముందు వరుస కుర్చీ లేదు, చాపలు తెచ్చుకున్నవారు చాపలమీద, తక్కినవారు నేలమీద. కొన్ని ఊళ్లలో ఆ స్థలానికి భారతం మిట్ట అనే పేరే నిలిచిపోయింది. ఏడాదిలో తక్కిన రోజుల్లో అక్కడ పశువులు మేసినా, ఊరివారి మనసులో అది రంగస్థలమే.

రెండింటికీ మధ్య ఒక దారి తొక్కినవారు సురభివారు. 1885లో కడప సీమలోని సురభి గ్రామంలో వనారస గోవిందరావు గారి బృందం కీచకవధ ఆడింది. తోలుబొమ్మలాట ఆడించే కుటుంబాలు మనుషుల నాటకానికి దిగాయి. రంగశాలనే విప్పి, మూటగట్టి, బండ్లమీద వేసుకొని ఊరూరా తిరిగాయి. ఇంకో సంగతి. సురభిలో ఆడ వేషాలు ఆడవారే వేశారు. చదువుకున్న పెద్దల సభల్లో మీసాలు గీసుకున్న మగవారు చిత్రాంగిగా, శకుంతలగా తయారవుతున్న కాలమది. సంస్కరణ గురించి ఉపన్యాసాలు మేడల్లో జరిగాయి, పని డేరాల్లో జరిగింది అనిపిస్తుంది నాకు.

ఇక ఇటుకా సున్నంతో కట్టిన రంగశాల సంగతి. మద్రాసు సెంట్రల్ స్టేషన్‌కు దగ్గరలో ఎర్రటి భవనం ఒకటి ఉంది, విక్టోరియా పబ్లిక్ హాలు. ఆంబూరు, గుడియాత్తం నుంచి రైలెక్కి మద్రాసులో దిగినవారు దాన్ని చూడకుండా ఉండరు. 1883 డిసెంబరు 17న దానికి శంకుస్థాపన చేసినవారు విజయనగరం మహారాజా పూసపాటి ఆనంద గజపతి. నమూనా గీసినవారు రాబర్ట్ చిషోమ్, కట్టినవారు తాటికొండ నంబెరుమాళ్ శెట్టి. 1887లో రాణిగారి స్వర్ణోత్సవం కావడంతో ఆమె పేరు పెట్టారు. పేరు రాణిది, మొదటి రాయి మన రాజుది. ఈ ఆనంద గజపతి ఆస్థానమే గురజాడకు ఆదరువు. 1892లో విజయనగరంలో జగన్నాథ విలాసినీ సభ కన్యాశుల్కాన్ని మొదట ప్రదర్శించింది కూడా ఆయన నీడలోనే.

బళ్లారిలో అప్పటికి మరో సభ పేరు తెచ్చుకుంది. సభ అంటే ఇక్కడ భవనం కాదు, మనుషులు. వకీలు ధర్మవరం రామకృష్ణమాచార్యులు గారు సరస వినోదినీ సభ స్థాపించి, 1887లో చిత్రనళీయం ఆడించారు. 1891లో ఆ సభ మద్రాసు వచ్చి విక్టోరియా హాలులో తెలుగు నాటకాలు ఆడింది. ప్రేక్షకుల్లో పద్ధెనిమిదేళ్ల తమిళ యువకుడు ఒకడున్నాడు, పేరు పమ్మల్ సంబంధ మొదలియారు. అతనికి అంతవరకు తమిళ నాటకమంటే చిన్నచూపు. వీధిలో ఆడే ఆట పెద్దమనుషులకు తగదని ఆ రోజుల్లో చదువుకున్నవారి అభిప్రాయం. ఆ తెలుగు నాటకాలు చూశాక అతని మనసు మారింది. ఆడుతున్నవారు వకీళ్లు, చదువరులు. వీరు తెలుగులో చేయగలిగిన పనిని మనం తమిళంలో ఎందుకు చేయకూడదని అతనికి తోచింది. అదే ఏడు జులై 1న స్నేహితులతో కలిసి సుగుణ విలాస సభ పెట్టాడు. తమిళ రంగస్థల చరిత్రలో అది కొత్త అధ్యాయం. ఆ సభ విక్టోరియా హాలులోనే దశాబ్దాలపాటు నాటకాలాడింది. తెలుగు నాటకాలు కూడా ఆడింది. మన బళ్లారి రాఘవ ఆ సభ వేదికమీద నటించారు. రాజమహేంద్రవరపు సారంగధరుడి కథను ధర్మవరం వారు విషాద నాటకంగా రాస్తే, పమ్మల్ వారు తమిళంలో సారంగధర రాశారు. ఆశ్చర్యమేమంటే ధర్మవరం, కోలాచలం శ్రీనివాసరావు, రాఘవ, పమ్మల్ నలుగురూ న్యాయవాదులే. కోర్టులో గొంతు పెగిలినవాడికి రంగస్థలం భయం ఉండదు కాబోలు!

అయితే ఈ హాలు ఇచ్చినదానితో పాటు తీసుకున్నదీ ఉంది. నాటకానికి కాలపరిమితి వచ్చింది, గౌరవం వచ్చింది, అచ్చయిన పుస్తకం వచ్చింది. టిక్కెట్టు కూడా వచ్చింది. తపస్సు మాను కింద కూర్చున్న స్త్రీకీ, కిరీటం చెక్కిన వడ్రంగికీ హాలులో చోటు దొరకలేదు. పైపెచ్చు మైదానంలోని ఆట మోటు అనే మాట పుట్టింది. కొత్త రంగశాల తన కన్నతల్లినే గుర్తు పట్టలేదు. ఈ తప్పును లోపలినుంచి దిద్దబోయినవారిలో రాఘవ ఒకరు. స్త్రీ పాత్రలు స్త్రీలే ధరించాలని పట్టుబట్టి, కులస్త్రీలను రంగస్థలంమీదికి తెచ్చిన ధైర్యం ఆయనది.

ఆంబూరు, గుడియాత్తంవారికి మద్రాసు కన్నా చిత్తూరు దగ్గర. అక్కడ రామవిలాస సభ అనే నాటక సమాజం ఉండేది. అందులో పాడి, నటించి పేరు తెచ్చుకున్న యువకుడే తరవాత చిత్తూరు నాగయ్య. ఆయన పుట్టింది గుంటూరు జిల్లాలో. ఇంటిపేరు లాగా చిత్తూరు నిలిచింది ఆ రంగస్థలం వల్లనే. 1938లో గృహలక్ష్మి చిత్రంతో సినిమాకు వెళ్లారు. ఒక చిన్న పట్టణపు నాటక సమాజం ఏం చేయగలదో చెప్పడానికి ఈ ఒక్క ఉదాహరణ చాలు.

అదే 1938లో జూన్ 16న మద్రాసు రేడియో కేంద్రం ప్రారంభమైంది. 1948 డిసెంబరులో విజయవాడ కేంద్రం వచ్చేదాకా తెలుగు రేడియో నాటకానికి మద్రాసే దిక్కు. టిక్కెట్టు కొనలేనివారికి, రైలెక్కలేనివారికి, ఆడవారికి ఇంట్లో కూర్చుని నాటకం వినే వీలు కలిగింది. గోడలు మళ్లీ తొలగాయి. కాకపోతే పక్కన కూర్చుని కలిసి నవ్వే మనిషీ తొలగిపోయాడు. మైదానంలో వెయ్యిమంది ఒక్కసారి ఘొల్లుమనడం రేడియోలో దొరకదు.

తరవాత సరిహద్దులు గీశారు. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు బళ్లారి మైసూరుకు వెళ్లింది, మద్రాసు మద్రాసుగానే ఉండిపోయింది. 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి అటు వెళ్లింది, సత్యవేడు ప్రాంతం ఇటు వచ్చింది. మన ఆధునిక నాటకానికి తొలిమెట్టయిన బళ్లారీ, ఆ నాటకం పొరుగు భాషను మేలుకొలిపిన విక్టోరియా హాలూ ఇవాళ తెలుగు రాష్ట్రాల్లో లేవు. అందుకేనేమో మన పాఠ్యపుస్తకాల్లో వాటికి తగిన చోటు లేదు. 1961లో హైదరాబాదులో రవీంద్రభారతి తెరిచాక తెలుగు రంగశాల అంటే అదే గుర్తుకు వస్తోంది. ఆ భవనం గొప్పదే, కాదనను. కాని ఆంబూరు కుర్రవాడికి అది ఎంత దూరం!

బళ్లారిలో రాఘవ కళామందిరం ఉంది. అక్కడ తెలుగు నాటకమూ, కన్నడ నాటకమూ ఒకే వేదికమీద ఆడతారు. ఇటు పాలారు సీమ పల్లెల్లో వేసవి వస్తే ద్రౌపదమ్మ గుడి ముందు ఇప్పటికీ తపస్సు మాను పాతుతారు. అర్జునుడు పైకెక్కుతూ ఏ భాషలో పాడితే ఆ భాషలో, కింద కొంగు పట్టినవారు రెండు భాషల్లోనూ మొక్కుకుంటారు.