మెల్లగా పరుగెత్తమని గొంతు పట్టుకున్న కోచ్

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత కొన్నేళ్ల పాటు దూరపు పరుగంటే ఎమిల్ జాటోపెక్ పేరే. ముఖం వంకర్లు తిప్పుతూ, నాలుక బయటపెట్టి రొప్పుతూ పరుగెత్తే ఆ చెకొస్లోవాకియా సైనికుడు 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో 5,000 మీటర్లు, 10,000 మీటర్లు, మారథాన్ మూడూ గెలిచాడు. 400 మీటర్ల చుట్లు ఒక్క రోజులోనే పదుల సంఖ్యలో కొట్టేవాడు. ఒక్కో చుట్టు తర్వాత 200 మీటర్లు మెల్లగా జాగింగ్ చేసేవాడు. లోకం ఆ చుట్లను లెక్కపెట్టింది. మధ్యలోని జాగింగ్‌ను పట్టించుకున్నవాళ్లు తక్కువ.

జర్మనీలో ఇద్దరు దాన్ని ముందే పట్టించుకున్నారు. కోచ్ వాల్డెమార్ గెర్ష్లర్, గుండె వైద్యుడు హెర్బర్ట్ రైన్‌డెల్ నాడి చూసి సాధన చేయించేవారు. పరుగులో 180 దాకా ఎక్కిన నాడి తొంభై సెకన్లలో 120కి దిగాలి. దిగకపోతే ఆ రోజుకు చాలించమనేవారు. గుండె బలపడేది పరుగెత్తేటప్పుడు కాదు, ఆ విరామంలోనే అని వాళ్ల వాదం. గెర్ష్లర్ శిష్యుడు రుడాల్ఫ్ హార్బిగ్ 1939లో మిలాన్‌లో 800 మీటర్లను 1 నిమిషం 46.6 సెకన్లలో పరుగెత్తాడు. ఆ రికార్డును 1955 దాకా ఎవరూ చెరపలేకపోయారు.

విరామం విలువ తెలిసినా, మర్నాడంతా తేలిగ్గా గడపాలన్న ఆలోచన మాత్రం ఇంకా కుదురుకోలేదు. ఒళ్లు హూనం కాకపోతే అది సాధనే కాదన్న నమ్మకం అంత బలమైనది. 1954 ఏప్రిల్‌లో ఇంగ్లండ్‌లో రోజర్ బానిస్టర్ క్వార్టర్ మైలు చుట్లు 61 సెకన్ల దగ్గరే ఆగిపోయాయి. విసుగెత్తి, స్నేహితుడు క్రిస్ బ్రాషర్‌తో కలిసి కొద్ది రోజులు స్కాట్లండ్ కొండలెక్కడానికి వెళ్లాడు. తిరిగొచ్చాక అవే చుట్లు 59 సెకన్లలో వచ్చాయి. మే 6న ఆక్స్‌ఫర్డ్‌లో మైలు దూరాన్ని నాలుగు నిమిషాల లోపు ముగించాడు.

తేలిక పరుగుకు గౌరవం తెచ్చింది ప్రయోగశాలలు కాదు, న్యూజిలాండ్‌లో బూట్ల ఫ్యాక్టరీలో పనిచేసే ఆర్థర్ లిడియార్డ్. 1940లలో ఓ స్నేహితుడి వెంట ఐదారు మైళ్లు పరుగెత్తబోయి ఆయాసంతో చతికిలబడ్డాడు. అప్పటినుంచి తన ఒంటి మీదే ప్రయోగాలు మొదలుపెట్టాడు. ఎన్ని మైళ్లు, ఎంత వేగం అన్నది ఏళ్ల తరబడి తేల్చుకుని, చివరికి వారానికి సుమారు 160 కిలోమీటర్ల దగ్గర ఆగాడు. శిష్యులకూ అదే లెక్క. ఆదివారం వైటాకెరె కొండదారుల్లో 22 మైళ్ల పరుగు. 800 మీటర్లు పరుగెత్తే పీటర్ స్నెల్‌కు కూడా మినహాయింపు లేదు. 1960 సెప్టెంబర్ 2న రోమ్ ఒలింపిక్స్‌లో స్నెల్ 800 మీటర్లలోనూ, మర్రే హాల్బర్గ్ 5,000 మీటర్లలోనూ స్వర్ణాలు గెలిచారు. అదే బృందంలోని బ్యారీ మగీకి మారథాన్‌లో కాంస్యం దక్కింది.

ఇక్కడే చాలామంది పొరబడతారు. లిడియార్డ్ కుర్రాళ్లు ఆ దూరమంతా తీరిగ్గా షికారు చేసినట్టు పరుగెత్తలేదు. రొప్పు రాని హద్దులోనే అయినా గట్టి వేగంతోనే సాగేవారు. అసలు తేలిక పరుగులు వాటికి అదనం.

1962 చివర్లో అమెరికాలోని ఒరెగాన్ విశ్వవిద్యాలయం కోచ్ బిల్ బోవర్మన్ తన జట్టుతో న్యూజిలాండ్ వెళ్లాడు. లిడియార్డ్ ఓ ఆదివారం ఆయన్ని ఊరి జాగింగ్ బృందంతో తీసుకెళ్లాడు. అందులో మధ్యవయస్కులు, ముసలివాళ్లు, గుండెపోటు నుంచి కోలుకున్నవాళ్లు ఉన్నారు. 51 ఏళ్ల బోవర్మన్ కాసేపటికే వెనకబడిపోయాడు. డెబ్బై దాటిన ఓ పెద్దాయన జాలిపడి ఆయనకు తోడుగా పరుగెత్తాడు. ఆ సిగ్గు ఆయన్ని మార్చింది. తన ఊరు యూజీన్‌కు తిరిగొచ్చి ఊరివాళ్లకు జాగింగ్ నేర్పాడు. గుండె వైద్యుడు వాల్డో హారిస్‌తో కలిసి 1967లో రాసిన జాగింగ్ పుస్తకం పది లక్షలకు పైగా అమ్ముడైంది. తర్వాత నైకీగా మారిన కంపెనీని 1964లో ఫిల్ నైట్‌తో కలిసి స్థాపించిందీ ఈయనే.

పందెగాళ్ల విషయంలో బోవర్మన్ సూత్రం ఇంకా కఠినం: ఒక రోజు కష్టం, మర్నాడు తేలిక. కొందరికైతే ఒక కష్టానికి రెండు తేలిక రోజులు. చిక్కేమిటంటే, కుర్రాళ్లు వినరు. 1964లో కెనీ మూర్ అనే విద్యార్థి తేలిక రోజుల్లో కూడా దొంగతనంగా అదనపు మైళ్లు పరుగెత్తేవాడు. బోవర్మన్ అతని గొంతు పట్టుకున్నాడని మూర్ స్వయంగా తర్వాత రాశాడు. మూడు వారాలు తన కళ్ల ముందు తప్ప పరుగెత్తకూడదని, రోజుకు మూడు మైళ్లు, అదీ మెల్లగానే అని శాసించాడట. కోపంతో ఉడికిపోతూనే మూర్ ఒప్పుకున్నాడు. ఆ తర్వాతి పోటీలో రెండు మైళ్లు 8 నిమిషాల 48 సెకన్లలో పరుగెత్తి తన పాత సమయాన్ని చిత్తు చేశాడు. 1972 మ్యూనిక్ ఒలింపిక్స్ మారథాన్‌లో నాలుగో స్థానంలో నిలిచాడు. కోచ్ పద్ధతి ఈ రోజుల్లో చెల్లదు, చెల్లకూడదు కూడా. వైద్యం మాత్రం సరైనదే.

శాస్త్రం చాలా ఆలస్యంగా వచ్చింది. నార్వేలో స్థిరపడిన అమెరికన్ శరీరధర్మ శాస్త్రవేత్త స్టీఫెన్ సీలర్, అడవి దారిలో పరుగెత్తుతున్న ఓ స్కీ క్రీడాకారిణి నిటారు ఎత్తు రాగానే పరుగు ఆపి నడవడం చూసి ఆశ్చర్యపోయాడు. ఎందుకలా ఆగిందన్న ప్రశ్నే ఆయన్ని పరిశోధనకు పురికొల్పింది. స్కీయింగ్, రోయింగ్, సైక్లింగ్, పరుగు, ఏది చూసినా అగ్రశ్రేణి క్రీడాకారుల సాధనలో దాదాపు 80 శాతం తేలికైనదేనని తేలింది.

ఒక అపోహ మాత్రం ఇంకా పోలేదు. మర్నాడు మెల్లగా పరుగెత్తితే ఒంట్లోని లాక్టిక్ యాసిడ్ కడుక్కుపోతుందంటారు. రక్తంలోని లాక్టేట్ గంటా గంటన్నరలోనే మామూలు స్థాయికి వస్తుంది, మర్నాటికి కడగడానికి ఏమీ మిగలదు. తేలిక పరుగు చేసే మేలు వేరు. కండరాల్లో సన్నని రక్తనాళాలు పెరుగుతాయి, శక్తిని తయారుచేసే కణభాగాలు వృద్ధి చెందుతాయి. అదే సమయంలో కండరాల్లో ఖర్చైన గ్లైకోజెన్ మళ్లీ నిండడానికి, దెబ్బతిన్న పోగులు అతుక్కోవడానికి వ్యవధి దొరుకుతుంది.

ఏటా ఆగస్టులో హైదరాబాద్ మారథాన్ జరుగుతుంది. ఫ్లైఓవర్ల ఎత్తుపల్లాలు, వానాకాలపు ఉక్కపోత తోడై అక్కడ గుండె మామూలు కంటే వేగంగా కొట్టుకుంటుంది. దానికి సిద్ధమయ్యేవాళ్లు ఆదివారం దూరపు పరుగు తర్వాత సోమవారం బయల్దేరేటప్పుడు వాచీ ఇంట్లోనే పెట్టి, కబుర్లు చెప్పే స్నేహితుణ్ణి వెంటబెట్టుకెళ్లండి. మాట మధ్యలో ఆగితే ఇంకొంచెం మెల్లగా పరుగెత్తండి.